‘బ్యాటు విసిరాడు’ అనవచ్చా?

సందేహం: అమెరికా బేస్‌బాల్ గురించిన ఒక వ్యాసంలో ‘2024లో జియాన్‌కార్లో స్టాంటన్ గంటకు 81 మైళ్ల వేగంతో బ్యాటు విసిరాడు’ అని చదివాను. బ్యాటు చేయి జారి ఎగిరిపోయిందేమో అనిపించింది. ‘విసిరాడు’ సరైన ప్రయోగమేనా? ‘ఊపు వేగం’ అంటే మేలా?

సమాధానం: మీ అనుమానం సహేతుకమైనదే. విసిరిన రాయి చేతిని వదిలిపోతుంది, విసిరే విసనకర్ర చేతిలోనే ఉంటుంది. తెలుగులో ఒకే క్రియ రెండు పనులకూ చెల్లుతుంది. కనుక ఆ వాక్యంలో వ్యాకరణదోషం లేదు. అయితే బేస్‌బాల్‌లో పిచర్ బంతిని విసరడం, ఆ వేగాన్ని గంటకు ఇన్ని మైళ్లని చెప్పడం పాఠకులకు అలవాటు కావడం వల్ల, ‘విసిరాడు’ అన్న మాట పక్కన మైళ్ల లెక్క కనబడగానే మనసు మొదటి అర్థం వైపే పోతుంది.

‘ఊపు’ ఇంకా చిక్కు తెస్తుంది. తల ఊపడంలోనూ, ఉయ్యాల ఊపడంలోనూ ఉన్నది అటూ ఇటూ మళ్లీ మళ్లీ కదిలే కదలిక. బ్యాటర్‌ది బంతి మీదికి ఒక్కసారిగా వచ్చే కదలిక. పైగా ‘మంచి ఊపు మీదున్నాడు’ అంటే ఆటగాడు జోరుగా రాణిస్తున్నాడనే అనుకుంటాము గాని, ఎవరూ బ్యాటును తలచుకోరు. ‘ఝళిపించాడు’ అన్నదీ పరుగుల మోతకు స్థిరపడిపోయిన మాట, కొలతకు పనికిరాదు.

‘బ్యాటు వేగం’ అన్నది చాలు, కాని ఏ చోటి వేగమో వ్యాసంలో ఒక్కసారైనా చెప్పాలి. బ్యాటు తిరుగుతూ వస్తుంది కాబట్టి పిడి దగ్గర నెమ్మదిగా, కొస దగ్గర వడిగా కదులుతుంది. చోటు చెప్పని అంకె అసంపూర్ణం. అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్ వారి స్టాట్‌కాస్ట్ అనే కొలత వ్యవస్థ 2024 మే నుంచి ప్రకటిస్తున్న లెక్కల్లో, కొసకు సుమారు 6 అంగుళాల ఇవతల ఉన్న భాగం బంతిని తాకే క్షణంలో ఎంత వేగంతో కదులుతున్నదో మైదానంలోని కెమెరాలతో కొలుస్తారు.

మీరు ఉదహరించిన వాక్యంలో, నా దృష్టిలో, ఇంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. ‘విసిరాడు’ అనే భూతకాల క్రియ ఒక్క దెబ్బను సూచిస్తుంది; ఆ 81 మాత్రం, మరీ నెమ్మదైన ప్రయత్నాలను పక్కన పెట్టి, సీజన్ అంతటికీ కట్టిన సగటు. ‘2024 సీజన్‌లో స్టాంటన్ సగటు బ్యాటు వేగం గంటకు 81 మైళ్లు’ అని రాస్తే రెండు చిక్కులూ తీరుతాయి. లీగ్ సగటు సుమారు 72 మైళ్లని పక్కనే చేర్చితే ఆ అంకె గొప్పతనమూ తెలుస్తుంది. ‘81 మైళ్లు వేగం’ అని రాయకండి. తరువాత నామవాచకం వస్తే ‘మైళ్ల’ అనే ఉండాలి.

‘కొట్టిన వేగం’ అన్న మాటనూ విడిచిపెట్టడం మంచిది, అది బ్యాటుదో బంతిదో తేలదు. బ్యాటును తాకి వెళ్లే బంతికి ‘కొట్టిన బంతి వేగం’ అనీ, పిచర్ బంతికి ‘విసిరిన బంతి వేగం’ అనీ రాస్తే మూడూ విడివిడిగా నిలుస్తాయి. అలాగే బ్యాటు వేగం ఎక్కువన్నంత మాత్రాన ‘మేటి బ్యాటర్’ అని రాయకూడదు: అదే 2024లో బ్యాటు వేగంలో అట్టడుగున ఉన్న లూయిస్ అరాయెస్, మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో బ్యాటింగ్ సగటులో అందరికన్నా ముందు నిలిచాడు.