బూరల మోత తర్వాత చెవిలో గుయ్‌మంటోందా? చుక్కల మందు ఆపి డాక్టరుకు చూపించండి

ప్రశ్న: మాది విజయవాడ పటమట. నా వయసు 26. పోయిన ఆదివారం ఫ్రెండ్స్‌తో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లాను. మా వెనక కూర్చున్నవాళ్లు పొడుగాటి ప్లాస్టిక్ బూరలు, డప్పులతో మ్యాచ్ అయ్యేదాకా మోత మోగించారు. నాకు చిరాకేసింది. మావాళ్లేమో ఆ గోల లేకపోతే మజా ఏముందంటారు. జనానికి ఇది నిజంగా నచ్చుతుందా, లేక నాలోనే ఏదైనా లోపమా? అప్పటి నుంచి కుడి చెవిలో గుయ్‌మంటోంది. ఆ చెవికి ఫోన్ పెట్టుకుంటే మాట స్పష్టంగా వినపడట్లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కల మందు మూడు రోజులుగా వేస్తున్నాను. అమ్మ వెల్లుల్లి నూనె కూడా కాచి వేసింది.

జవాబు: ముందు ఆ చుక్కల మందు, నూనె రెండూ ఆపేయండి. ఈ రోజో రేపో ఈఎన్‌టీ డాక్టరును కలవండి. బూరలు ఎవరికి నచ్చుతాయన్న సంగతి తర్వాత. మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది చివరి నాలుగు వాక్యాలే.

పెద్ద శబ్దం విన్నాక చెవి గుయ్‌మనడం, కాస్త దిబ్బడ వేసినట్టుండటం మామూలే. ఎక్కువమందికి ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. మీకు సర్దుకోలేదు, పైగా ఒక చెవికే ఉంది, వినికిడి కూడా తగ్గింది. బూర మీ కుడి చెవి వెనకే మోగి ఉండొచ్చు. లేదా మ్యాచ్‌తో సంబంధం లేకుండా హఠాత్తుగా వచ్చే నరాల చెవుడు కావచ్చు. ఉత్తి గుమిలి అడ్డుపడి కూడా ఉండొచ్చు. చెవిలోకి చూడకుండా, వినికిడి ఎంతుందో కొలిచే ఆడియోమెట్రీ పరీక్ష చేయకుండా ఇక్కడి నుంచి నేనేదీ ఖాయంగా చెప్పలేను.

బూర దెబ్బ, నరాల చెవుడు, ఈ మొదటి రెంటిలో ఏదైనా అయితే ఒక్కో రోజూ లెక్కే. అవసరమని డాక్టరుకు అనిపిస్తే స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు. అవి మొదటి రెండు వారాల్లోపు, అందులోనూ ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది. నెల తర్వాత వచ్చి 'అదే తగ్గుతుందనుకున్నాం సార్' అనేవాళ్లను చూస్తే బాధేస్తుంది, అప్పటికి మేం చేయగలిగింది తక్కువ. ఇది చదివి ఆ మాత్రలు షాపులో అడిగి కొనుక్కోకండి. షుగర్, బీపీ, కడుపులో పుండు, పాత టీబీ లాంటివి ఉన్నాయేమో చూసుకునే ఇవ్వాలి.

చుక్కల మందు గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. మీరు వేసుకున్నది ఏమిటో రాయలేదు. షాపులో చేతికిచ్చేవాటిలో జెంటామైసిన్, నియోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ ఉన్నవి చాలా ఉంటాయి. కర్ణభేరికి చిల్లు ఉంటే అవి లోపలి చెవిదాకా వెళ్లి వినికిడినే దెబ్బతీయొచ్చు. చిల్లు ఉందో లేదో కౌంటర్ వెనక నిలబడ్డ అబ్బాయికి తెలియదు, మీకూ తెలియదు. శబ్దం వల్ల కలిగిన దెబ్బకు అసలు చుక్కల మందే లేదు. ఇక నూనె. అమ్మ ప్రేమతోనే వేసి ఉంటారు, కాదనను. కానీ వేడి ఎక్కువైతే చర్మం కాలుతుంది, మన ఉక్కపోతకు తోడు చెవిలో తడి నిలిస్తే ఫంగస్ పడుతుంది. గుంటూరు, విజయవాడల్లో ఏ ఈఎన్‌టీ ఓపీలో కూర్చున్నా ఇలాంటి చెవులు కనిపిస్తూనే ఉంటాయి. వెళ్లేటప్పుడు ఆ సీసా పట్టుకెళ్లండి.

కళ్లు తిరగడం, ముఖం ఒక పక్కకు లాగడం, చెవి నుంచి రక్తం, చీము, ఇందులో ఏదున్నా ఇవాళే వెళ్లాలి. ప్రైవేటు ఖర్చు అనుకుంటే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో ఈఎన్‌టీ విభాగం ఉంది, ఉదయం ఓపీకి వెళ్లండి.

ఇక మీరు అడిగినది. మీలో లోపమేమీ లేదు. 2010లో దక్షిణాఫ్రికా ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో వువుజెలా బూరలు మోగినప్పుడు అక్కడి అభిమానులకు అది పండగ. టీవీలో చూసినవాళ్లు, కొందరు ఆటగాళ్లు మాత్రం భరించలేకపోయారు. అదే ఏడాది యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ తన మ్యాచ్‌లలో వాటిని నిషేధించింది, 2014 ప్రపంచకప్ స్టేడియాల్లోకీ రానివ్వలేదు. నచ్చడం, నచ్చకపోవడం ఎవరిష్టం వారిది. చెవికి ఆ తేడా తెలియదు. బూర వెడల్పు చివర దగ్గర శబ్దం 120 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతకు కొలత) దాటొచ్చు. 85 డెసిబెల్స్‌ను రోజుకు 8 గంటలు తట్టుకునే చెవికి, 100 దగ్గర పావుగంటే హద్దు. మ్యాచ్ గంటన్నర. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలు చచ్చిపోతే మళ్లీ పుట్టవు. ఆ గోలే మజా అన్న మీ ఫ్రెండ్స్ చెవులదీ ఇదే పరిస్థితి, వాళ్లకూ గుయ్‌మంటోందేమో అడగండి. ఊదినవాళ్లు ఒకే బూరను నలుగురూ నోట్లో పెట్టుకుని ఉంటే జలుబు, ఫ్లూ కూడా పంచుకున్నట్టే.

గిన్నెల చప్పుడు, స్కూటర్ హారన్ లాంటి మామూలు శబ్దాలకు కూడా చెవి నొప్పెడుతుంటే అది మాత్రం డాక్టరుకు విడిగా చెప్పండి.

చెవి కుదుటపడేదాకా ఇయర్‌ఫోన్లు, డీజేలు వద్దు. తర్వాత మ్యాచ్‌కి వెళ్తే ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకుని, బూరలకు దూరంగా కూర్చోండి. దూది కుక్కుకుంటే సరిపోదు. ఆడియోమెట్రీ రిపోర్టు వచ్చాక, అందులో ఏముందో రాసి పంపండి.

— ఈఎన్‌టీ వైద్యులు, గుంటూరు