చెంచు గూడెంలో పది రోజుల వైద్య శిబిరం: డాక్టరు కానివాళ్లకు అక్కడ పనేముంటుంది?

మీ ప్రశ్న చదివాను. కర్నూలు నుంచి ఒక బృందంతో నల్లమలలోని చెంచు గూడేనికి పది రోజులు వెళ్తున్నారు, మీరు డాక్టరు కారు, రోజంతా ఏం చేయాలి, అసలు ఉండగలనా అని అడిగారు. నేనూ డాక్టర్ని కాను, ఒక షాపులో లెక్కలు రాస్తాను. నాలుగేళ్లుగా వెళ్తున్నాను. మొదటిసారి మీకున్న టెన్షనే నాకూ ఉండింది. నిశ్చింతగా వెళ్లండి, చేతినిండా పని ఉంటుంది.

ముందు దారి సంగతి. నందికొట్కూరు మీదుగా ఆత్మకూరు దాకా బస్సు ఉంది. 2022లో జిల్లాలు విడదీశాక ఆత్మకూరు నంద్యాల జిల్లాకు పోయింది గానీ మా నోట ఇంకా కర్నూలు జిల్లానే. అక్కడి నుంచి జీపు. అది పులుల అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతి కాగితం లేనిదే లోపలికి వదలరు. చీకటి పడితే ఆ దారిన బండ్లు పోకూడదు. పొద్దున్నే ఆత్మకూరులో ఉండేట్టు చూసుకోండి.

గూడెంలో రోజు ఐదింటికే మొదలవుతుంది. బోరింగు దగ్గర బిందెలు వరుసలో ఉంటాయి, మన బిందె ఆఖరున పెట్టాలి. వాళ్లు ముందు పట్టుకోమని అంటారు, అయినా పట్టుకోవద్దు. స్నానానికి ఒక బకెట్టు చాలు. షూ తొడుక్కునే ముందు దులపండి, తేళ్లు దూరతాయి. గడ్డిలో నడిస్తే పిడుదులు పట్టుకుంటాయి, ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపండి. వంట మనమే చేసుకోవాలి. మేము జొన్నరొట్టెలు, ఊరిబిండి కట్టుకుపోతాం, అవి రెండు రోజులు వస్తాయి, తర్వాత అన్నం, పప్పు.

మొదటి ఏడాది మేము తొమ్మిదింటికి టేబుల్ వేసుకుని కూర్చున్నాం. మధ్యాహ్నానికి వచ్చింది నలుగురు పిల్లలు, ఇద్దరు ముసలివాళ్లు. మిగతావాళ్లంతా తెల్లారకముందే అడవికి పోయారు. కాలాన్ని బట్టి తేనె, తపసి బంక, కుంకుళ్లు, ఉసిరికాయలు తెచ్చి గిరిజన కోఆపరేటివ్ సంస్థ డిపోలో వేస్తే ఆ పూట గడుస్తుంది. ఒక పూట పోగొట్టుకుని మన టేబుల్ దగ్గరికి ఎందుకొస్తారు? మరుసటి రోజు నుంచి తెల్లవారుజామున ఒక గంట, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా పెట్టుకున్నాం. అప్పుడు జనం వచ్చారు.

ఇప్పుడు అసలు విషయం చెప్తాను. వానలు వెనకబట్టాక వెళ్తారు కాబట్టి జ్వరాలు చూస్తారు. వేలికొసన చుక్క రక్తం తీసి కిట్ మీద వేస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో మలేరియా ఉందో లేదో తెలుస్తుంది. వైవాక్స్ రకమైతే మూడు రోజులు క్లోరోక్విన్, దాంతోపాటు పద్నాలుగు రోజులు ప్రైమాక్విన్ ఇస్తారు. గర్భిణులకు, పసిపిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వరు. అది డాక్టరు చూసుకుంటారు. పరగడుపున వేసుకుంటే కడుపులో నొప్పి వస్తుంది, అందుకే రాత్రి అన్నం తిన్నాక మింగించాలి. మన పని అదే: ప్రతి రాత్రి గుడిసె గుడిసెకూ పోయి, మన కళ్ల ముందు మింగించి, పుస్తకంలో రాయడం.

ఆ పని మేము మొదట చేయలేదు. మాత్రల అట్ట చేతికిచ్చి పంపేశాం. ఎనిమిదో రోజు ఒక అవ్వ గుడిసెకు పోతే ఆమె కొంగు ముడి విప్పింది. రెండు వక్కలు, ఒక పది రూపాయల నోటు, నలిగిన మాత్రల అట్ట. మూడు రోజులవే అయిపోయాయి.

"జరం తగ్గె గదా సామీ. మళ్లా వస్తే తింటా. లేకుంటే నా మనవనికి పనికొస్తాయి" అంది.

ఆస్పత్రికి అంత దూరంలో ఉన్న ఇంట్లో మందు దాచుకోవడం గృహిణి జాగ్రత్త. దాన్ని తెలివితక్కువతనం అనుకుంటే మనదే పొరపాటు. పురుగు నెత్తురులో చచ్చినా కాలేయంలో దాక్కుంటుంది, కొన్నాళ్లకు మళ్లీ లేస్తుంది అని చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "గడ్డ తవ్వి తీగ మొదలు మట్టిలో వదిలితే వానకు మళ్లా మొలుస్తది, అట్లనా?" అంది. ఇంతకన్నా బాగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను. అప్పటి నుంచి ప్రతి గుడిసెలో ఆమె మాటే చెప్తున్నాను.

డాక్టరు ఆమె కోర్సు మళ్లీ లెక్కవేశారు. మాత్రలు పద్నాలుగు రోజులు, మా శిబిరం పది. ఆశా అక్క నాలుగు గూడేలు కాలినడకన తిరుగుతుంది, ప్రతి రాత్రి ప్రతి గుడిసెకూ ఎలా వస్తుంది? గూడెం అవతల ఎత్తు బండ మీద తప్ప సిగ్నల్ లేదు. అక్కడికెక్కి మా యజమానికి ఫోన్ చేసి, జీతం లేకుండా రెండు వారాల సెలవు అడిగాను. నేనూ ఇంకో కుర్రాడూ ఉండిపోయాం. అవ్వ గోడ మీద రోజుకొక బొగ్గు గీత గీసింది. మేము మరిచిపోయిన రాత్రి ఆమే వచ్చి తట్టి లేపింది. ఆ రాత్రుల్లోనే కబుర్లు కలిసేవి. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడు కాబట్టి తమ ఇంటి అల్లుడని ఆమె చెప్తుంటే పిల్లలు ఇంకా ఇంకా అని అడిగేవాళ్లు.

అందుకే బయలుదేరే ముందు మీ బృందాన్ని ఒకటే అడగండి: పదో రోజు తర్వాత మాత్రలు ఎవరు మింగిస్తారు? ఎవరూ లేకపోతే ఆ పని మీరే తీసుకోండి. మలేరియా కిట్లు మొదటి మూడు రోజుల్లోనే వాడమనండి, సెలవు పద్దెనిమిది రోజులు అడగండి, అప్పుడు ఆఖరున దొరికినవాళ్ల పద్నాలుగు రోజులూ మీరుండగానే పూర్తవుతాయి. పెన్ను రాత వానకు చెదిరిపోతుంది, పెన్సిళ్లు తీసుకుపోండి. నోటుబుక్కును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, వచ్చేటప్పుడు ఆ కవరు వెనక్కి తెచ్చేయండి.