టెనోఫోవిర్ మానేసి ఆ కొత్త ఇంజెక్షన్‌కు మారొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: నర్సంపేట మీది, హెపటైటిస్ బి ఉంది, కొన్నేళ్లుగా టెనోఫోవిర్ వేసుకుంటున్నారు. వైరస్‌ను లివర్ కణాల్లోకి పోనివ్వని ఇంజెక్షన్ వచ్చిందని వీడియోలో చూశారు. రోజూ ఈ ట్యాబ్లెట్ మింగే బదులు దానికి మారిపోవచ్చా అని అడుగుతున్నారు.

డాక్టర్ చెప్పకుండా ట్యాబ్లెట్ ఆపకండి. మీరు చూసిన మందు నిజంగానే ఉంది, కాకపోతే దానికి అనుమతి వచ్చింది హెపటైటిస్ డి కోసం, బి కోసం కాదు. నేను డాక్టర్‌ను కాను. హన్మకొండలో ఉంటాను, నాకూ బి ఉంది. కడుపుతో ఉన్నప్పుడు అందరికీ చేసే రక్తపరీక్షలో బయటపడింది. అప్పటి నుంచి దీని గురించి దొరికిందల్లా చదవడం, చెకప్‌కు పోయినప్పుడల్లా డాక్టర్‌ను ప్రశ్నలతో విసిగించడం అలవాటైపోయింది.

ఆ మందు పేరు బులెవిర్టైడ్. యూరప్‌లో హెప్‌క్లూడెక్స్ పేరుతో 2020 జులైలో అనుమతి ఇచ్చారు. రోజుకు 2 మిల్లీగ్రాములు, ఇన్సులిన్ లాగా చర్మం కింద పొడుచుకోవాలి. అంటే ట్యాబ్లెట్ బాధ తప్పుతుందని దీన్ని కోరుకుంటే, రోజూ సూది బాధ వచ్చి పడుతుంది!

ఇది పనిచేసే తీరు మాత్రం చాలా బాగుంటుంది. మన లివర్ కణాల పైన ఎన్‌టీసీపీ అనే ప్రొటీన్ ఉంటుంది. రక్తంలోని పైత్య లవణాలను మళ్లీ లివర్‌లోకి లాక్కోవడం దాని అసలు పని. హెపటైటిస్ బి వైరస్ సరిగ్గా దాన్నే పట్టుకుని లోపలికి దూరుతుంది. వైరస్‌ను 1960లలోనే కనిపెట్టినా, అది ఏ ప్రొటీన్‌ను పట్టుకుని లోపలికి పోతుందో తేలింది మాత్రం 2012లో, బీజింగ్‌లో వెన్‌హుయ్ లీ బృందం పనితో. వైరస్ పైపొరలో ఎన్‌టీసీపీని పట్టుకునే భాగం ఒకటుంది కదా, దాని నుంచి 47 అమైనో ఆమ్లాల ముక్కను తయారుచేసి, దానికి ఒక కొవ్వు ఆమ్లం తగిలిస్తే అదే బులెవిర్టైడ్. ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద దస్తీ వేస్తాం చూడండి, అట్లా ఇది వైరస్ కంటే ముందే పోయి ఎన్‌టీసీపీని ఆక్రమిస్తుంది. వెనకాల వచ్చిన వైరస్‌కు చోటుండదు. పైత్య లవణాలకు కూడా ఆ దారి కొంత మూసుకుపోతుంది కాబట్టి రక్తంలో వాటి మోతాదు పెరుగుతుంది. చాలామందికి దానివల్ల ఇబ్బందేమీ తెలియదట.

అయితే దస్తీ వేసేది ఖాళీ సీటు మీదే. అప్పటికే కూర్చున్నవాణ్ణి అది లేపలేదు. మన సమస్యంతా అక్కడే ఉంది. బి వైరస్ ఒకసారి కణంలోకి పోయాక, కణకేంద్రకంలో గుండ్రటి డీఎన్ఏగా మారి స్థిరపడుతుంది. కొత్త వైరస్‌లన్నీ దాన్నుంచే తయారవుతుంటాయి. బయటి నుంచి వచ్చేవాటిని ఆపినంత మాత్రాన లోపల ఉన్నదానికి ఏమీ కాదు. టెనోఫోవిర్ వేరే చోట పనిచేస్తుంది. కణం లోపల వైరస్ తన నకళ్లు తీసుకునే పనిని ఆపుతుంది. అందుకే వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు పడిపోతుంది, లివర్ తేరుకుంటుంది. అదీ ఆ గుండ్రటి డీఎన్ఏను తుడిచేయలేదు కాబట్టే మానేస్తే వైరస్ మళ్లీ లేస్తుంది. మా బంధువుల్లో ఒకాయన రిపోర్టులు నార్మల్ వచ్చాయని సొంతంగా ఆపేశాడు. కొన్ని నెలలకు కళ్లు పచ్చబడ్డాయి, లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ విపరీతంగా పెరిగింది. ఇంట్లోవాళ్లు ముందు పసరు పోయించడానికి తీసుకుపోయారు, ఆ తర్వాతే ఆసుపత్రికి. మన దగ్గర పసిరికలు అనగానే పసరే గుర్తొస్తుంది. హెపటైటిస్ ఏ లాంటివి చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకు వస్తుంది. బి ముదిరినవాళ్ల దగ్గర ఆ లెక్క పనిచేయదు.

ఇక డి సంగతి. 1977లో ఇటలీలో మారియో రిజెట్టో బయటపెట్టిన వైరస్ ఇది. దీనికి సొంత పైపొర లేదు, బి వైరస్ పొరనే తొడుక్కుంటుంది. కాబట్టి బి ఉన్నవాళ్లకే డి వస్తుంది, వస్తే లివర్ ఇంకా తొందరగా పాడవుతుంది. టెనోఫోవిర్ దీని మీద పనిచేయదు. కానీ బి పొర తొడుక్కున్నది కాబట్టి ఇదీ ఎన్‌టీసీపీని పట్టుకునే లోపలికి దూరుతుంది. అందుకే లోపలికి దూరకుండా ఆపే మందు ఇక్కడ పనికొచ్చింది. 48 వారాల ట్రయల్‌లో 2 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లలో 45 శాతం మందికి డి వైరస్ బాగా తగ్గి ఎస్‌జీపీటీ నార్మల్‌కు వచ్చింది. మందు లేకుండా చూసినవాళ్లలో 2 శాతమే. అయినా బి మాత్రం పోలేదు, ఒంట్లో బి ఉందని చెప్పే హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష అట్లాగే పాజిటివ్‌గా ఉంది.

వీడియోలు చెప్పని సంగతి ఒకటుంది. వైరస్‌ను కణంలోకి పోకుండా ఆపడం బి విషయంలో కొత్తేమీ కాదు, మన చేతిలో ఎప్పటి నుంచో ఉంది. టీకా చేసేది అదే, పుట్టిన బిడ్డకు ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ (రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్) చేసేదీ అదే. యాంటీబాడీలు వైరస్ పైపొరకు అంటుకుంటే అది కణాన్ని పట్టుకోలేదు. నాకు వైరల్ లోడ్ ఎక్కువుందని ఏడో నెల నుంచి టెనోఫోవిర్ ఇచ్చారు. బిడ్డకు పుట్టిన 12 గంటల లోపు ఇమ్యునోగ్లోబులిన్, దాంతోపాటు ఇంకో తొడకు టీకా వేయించాలని ముందే చెప్పారు. తీరా కాన్పు సమయానికి ఆ నర్సింగ్ హోమ్‌లో ఇమ్యునోగ్లోబులిన్ లేదు. మా ఆయన రాత్రిపూట హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల మందుల షాపులన్నీ తిరిగి, వేలు పోసి, ఐసు డబ్బాలో పెట్టుకుని తెచ్చాడు. ఆ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు. తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు అందరు పిల్లల్లాగే పెంటావాలెంట్, అంటే బి టీకా కూడా కలిసున్న ఇంజెక్షన్. ఏడాది నిండాక పాపకు పరీక్ష చేయిస్తే హెచ్‌బీఎస్‌ఏజీ నెగెటివ్, యాంటీబాడీలు బాగున్నాయి. పాలు కూడా నేనే ఇచ్చాను. మన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈ టీకాను చవగ్గా తేకముందు, విదేశీ టీకా కొనగలిగినవాళ్లు ఎందరుంటారు?

మీరు చేయాల్సింది చెప్తాను. ఈసారి చెకప్‌కు పోయినప్పుడు హెపటైటిస్ డి యాంటీబాడీ పరీక్ష ఒక్కసారి చేయిద్దామా అని అడగండి. ముఖ్యంగా వైరల్ లోడ్ తక్కువుండి కూడా ఎస్‌జీపీటీ ఎక్కువుంటే తప్పకుండా అడగాలి. అది పాజిటివ్ వస్తేనే బులెవిర్టైడ్ మాట ఎత్తండి. ట్యాబ్లెట్ వల్ల కిడ్నీల భయం ఉంటే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చేయించుకోండి, అవసరమైతే డాక్టరే టెనోఫోవిర్‌లో ఇంకో రకానికి మారుస్తారు. ఖర్చే అసలు కష్టమైతే అది కూడా దాచుకోకుండా చెప్పండి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితంగా ఇస్తారు, వరంగల్ ఎంజీఎంలో ఓసారి విచారించండి. పెళ్లయి ఉంటే మీ ఆవిడకు, ఇంట్లో మిగతావాళ్లకు పరీక్ష చేయించి, నెగెటివ్ ఉన్నవాళ్లకు మూడు డోసుల టీకా వేయించండి.