ఒకే తూటా అన్ని దూరాలకూ సరిపోతుందా?

ప్రశ్న: వేట లైసెన్సు, శిక్షణ ధ్రువపత్రం ఉన్నాయి. టెక్సాస్‌లో .308 విన్‌చెస్టర్ రైఫిల్‌తో, 150 గ్రెయిన్ల (గ్రెయిన్ తూటా బరువు కొలత) సాఫ్ట్ పాయింట్, అంటే మొన వద్ద మెత్తని సీసం బయటికి ఉన్న, తూటాలతో తెల్లతోక జింకలను 100 గజాల లోపే కొడుతుంటాను. ఈ అక్టోబరులో మిత్రులతో కలిసి కొలరాడోకు ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు వెళుతున్నాను. అక్కడ 300 గజాల దాకా కాల్చవలసి రావచ్చునంటున్నారు. ఇవే తూటాలు పనికివస్తాయా?
– ఒక పాఠకుడు, ఆస్టిన్

జవాబు: చట్టం వరకైతే పనికివస్తాయి. ఎల్క్‌కు కనీసం 85 గ్రెయిన్ల బరువుండి, తాకగానే విచ్చుకునే తూటా వాడాలని, 100 గజాల వద్ద దానికి 1,000 ఫుట్‌పౌండ్ల శక్తి ఉండాలని కొలరాడో నిబంధన. మీది దీన్ని సులువుగా దాటుతుంది. అయినా మార్చమనే మా సలహా. తూటా జంతువును తాకే క్షణాన దానికి ఎంత వేగం మిగిలి ఉంది, అది చీల్చుకుపోవలసిన కండ, ఎముక ఎంత మందం అనే రెండింటినీ కలిపి చూస్తే కారణం తెలుస్తుంది.

మీ తూటా గొట్టం దాటేటప్పుడు సెకనుకు దాదాపు 2,820 అడుగుల వేగంతో ఉంటుంది. 100 గజాల వద్ద అది సుమారు 2,530కి, 300 వద్ద 2,000కి, 400 వద్ద 1,770కి తగ్గిపోతుంది. ఈ రకం తూటాల్లో చాలావాటికి సరిగా విచ్చుకోవడానికి 1,800 అడుగుల వేగమైనా కావాలి. అంతకన్నా తగ్గితే సన్నని రంధ్రం చేసి ఆవలికి పోవచ్చు, గాయపడిన జంతువు చిక్కకుండా ఎక్కడో చావవచ్చు. అదే .308లో పాలిమర్ (ప్లాస్టిక్) మొన, వెనక సన్నబడిన బోట్ టెయిల్ ఆకారం ఉన్న 165 గ్రెయిన్ల తూటా బయలుదేరే వేగం 2,700 మాత్రమే. కానీ గాలి దాన్ని అంతగా అడ్డలేదు గనుక 100 గజాలకే మీ తూటాతో ఇంచుమించు సమానమై, 300 వద్ద 2,180 దాకా, 400 వద్ద కూడా 2,000 చిల్లర నిలుపుకుంటుంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసిన తొలి వేగాన్ని మాత్రమే చూసి కొనేవారికి ఈ సంగతి తట్టదు.

ఇక జంతువు విషయం. బాగా పెరిగిన మగ ఎల్క్ 700 పౌండ్లు తూగుతుంది. అందుకని దూరపు గురి గురించే బెంగపడతారు గానీ, నిజానికి తూటా నిర్మాణానికి గట్టి పరీక్ష దగ్గరి దూరంలోనే. చెట్ల మధ్య 40 గజాల్లో ఎల్క్ ఎదురుపడితే, ఆ వేగంలో భుజం ఎముకను తాకిన మామూలు సాఫ్ట్ పాయింట్ లోపలికి దిగకముందే ముక్కలు కావచ్చు. 1946లో బ్రిటిష్ కొలంబియాలో జాన్ నోస్లర్ అనే వేటగాడు కాల్చిన తూటాలు మూస్ (భారీ జాతి జింక) శరీరంలోకి లోతుగా దిగలేదు. ఆ అనుభవంతోనే ఆయన మధ్యలో రాగి అడ్డుగోడ ఉండి, ముందుభాగం విచ్చుకున్నా వెనకభాగం చెదరని పార్టిషన్ తూటాను తయారుచేసి 1948 నుంచి అమ్మసాగాడు. సీసాన్ని తొడుగుకు అతికించిన బాండెడ్ తూటాలదీ అదే ప్రయోజనం. మీరు వీటిలో ఏదైనా 165 గ్రెయిన్లది తీసుకోండి. పూర్తిగా రాగితో చేసినవి లోతుగా దిగుతాయి, కానీ విచ్చుకోవడానికి తరచు ఎక్కువ వేగం కోరుతాయి గనుక తయారీదారు చెప్పిన కనీస వేగం చూసుకుని గాని 300 గజాలకు వాటిని నమ్మకండి. చవకగా దొరికే, లోహపు తొడుగు మొనను కూడా కప్పేసే ఫుల్ మెటల్ జాకెట్ తూటాలు విచ్చుకోవు. వాటిని సాధనకే ఉంచండి.

తూటా మారితే గురి కూడా మారుతుంది. కొత్త పెట్టెతో 200 గజాలకు గురి సరిచేసుకుంటే 300 వద్ద తూటా ఎనిమిది తొమ్మిది అంగుళాలు కిందికి దిగుతుంది. మీ రైఫిల్‌లో అది కచ్చితంగా ఎంతో షూటింగ్ రేంజ్‌లో (కాల్పుల సాధన స్థలంలో) కాల్చి చూసుకోండి. మోకాలి మీద కూర్చుని కాల్చినప్పుడు తూటాలన్నీ ఎంత దూరం వరకు ఎనిమిది అంగుళాల వలయంలో పడుతున్నాయో, వేటలో మీ హద్దు అక్కడికే.