మూడో పరీక్ష ముందు ఒక ఫోన్ కాల్

ప్రశ్న: మాది కడప. మా అబ్బాయి జర్మనీలో మెకానికల్ ఎమ్మెస్ చేస్తున్నాడు. వెళ్లి ఏడాదిన్నర. ఇక్కడ బీటెక్‌లో ఒక్క సబ్జెక్టు కూడా పోలేదు. అక్కడ ఒక పేపరు రెండుసార్లు తప్పాడని, మూడోసారి తప్పితే కోర్సు నుంచి తీసేస్తారని వాడి స్నేహితుడి ద్వారా తెలిసింది. మాకు మాత్రం చెప్పలేదు. ఫోన్ చేస్తే ‘బాగున్నానమ్మా’ అని పెట్టేస్తాడు. పొలం మీద అప్పు తెచ్చి పంపించాం. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. అడగాలా, తెలియనట్టు ఊరుకోవాలా?
— ఒక తల్లి, కడప

జవాబు: అడగండమ్మా. ‘ఎందుకు తప్పావు’ అని కాదు, ‘మళ్లీ పరీక్ష ఎప్పుడు నాయనా’ అని. ఆ స్నేహితుడి పేరు బయటపెట్టకండి, అక్కడ మీ వాడికి దగ్గరగా ఉన్నది ఆ పిల్లాడే.

నేను అనంతపురం అమ్మాయిని. 2016లో జర్మనీ వెళ్లి మొదటి సెమిస్టర్‌లోనే రెండు పేపర్లు పోగొట్టుకున్నాను. నాలుగు నెలలు ఇంట్లో చెప్పలేదు. చివరికి ఏడుస్తూ చెబితే మా అమ్మ అడిగింది ఒక్కటే, మళ్లీ ఎప్పుడు రాయాలని. ఆ రాత్రి కడుపునిండా తిన్నాను.

మనవాళ్లు తెలివి తక్కువై తప్పడం లేదు. ఇక్కడ మిడ్స్, ఇంటర్నల్స్, అటెండెన్స్ అన్నీ కలిసి మనల్ని గట్టెక్కిస్తాయి. అక్కడ చాలా సబ్జెక్టులకు సెమిస్టర్ చివర ఒకే పరీక్ష. క్లాసుకు పోకపోయినా అడిగేవాళ్లుండరు. పరీక్షకు మనమే విడిగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. చాలా యూనివర్సిటీల్లో ఒక పేపరుకు మూడు అవకాశాలే. మూడూ పోతే అదే కోర్సులో ఇంకోచోట చేరడం కూడా చాలా కష్టం. వీసా చదువు మీదే ఆధారపడి ఉంటుంది. కాబట్టి మీ భయం ఊరికే పుట్టింది కాదు. కానీ ఇంకా ఒక అవకాశం ఉంది, దాని గురించి మాట్లాడదాం.

దిద్దిన జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు విద్యార్థికి ఉంటుంది. దాన్ని ‘ఐన్‌జిష్ట్’ అంటారు. మనవాళ్లు సిగ్గుపడి పోరు. నేనూ మొదటిసారి పోలేదు. రెండోసారి వెళ్లి అరగంట కూర్చున్నాను. ఒక ప్రశ్నలో సూత్రం సరే, చివరి అంకె సరే, మార్కులు మాత్రం 12కి 3. ప్రొఫెసర్ దగ్గర పనిచేసే అసిస్టెంటు పెన్సిల్ మొనతో ఆ చోటు చూపించి, ‘ఈ సూత్రం ఇక్కడ ఎందుకు వాడొచ్చో ఒక్క ముక్క కూడా రాయలేదే’ అన్నాడు. బీటెక్‌లో అదే జవాబుకు నాకు పూర్తి మార్కులు పడేవి. ఎక్కడ తప్పుతున్నానో ఆ రోజు తెలిసింది. మీ వాడు తన పేపరు చూసుకున్నాడో లేదో తప్పకుండా అడగండి.

‘ఫాఖ్‌షాఫ్ట్’ అని డిపార్ట్‌మెంట్ విద్యార్థి సంఘం ఉంటుంది. పాత ప్రశ్నపత్రాలు చాలాచోట్ల వాళ్ల దగ్గరే దొరుకుతాయి. పరీక్ష రోజు జ్వరమొస్తే మొండిగా పోయి రాయకూడదు, వెంటనే డాక్టర్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఊరికే ఎగ్గొడితే ఫెయిల్ కిందే లెక్క.

ఇంకొకటి. పార్ట్‌టైమ్ పని చేస్తున్నాడా? ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేయడానికి అనుమతి ఉంటుంది. నేను ఒక గోడౌన్‌లో రాత్రిపూట పార్సిళ్లు మోసి, పొద్దున 8 గంటల క్లాసులో బెంచీ మీదే నిద్రపోయాను. అప్పు వాయిదా తనే కట్టాలని మీ వాడు కూడా అలాగే పోతున్నాడేమో. పరీక్ష అయ్యేదాకా మానేయమని మీరే చెప్పాలి, తనంతట తను మానడు. మరీ ముభావంగా ఉంటే, ‘ష్టుడీరెన్‌డెన్‌వెర్క్’ అని విద్యార్థుల హాస్టళ్లు, క్యాంటీన్లు చూసే సంస్థ ఉంటుంది. చాలా ఊళ్లలో వాళ్ల దగ్గర కౌన్సిలర్లు ఉంటారు. వెళ్లి మాట్లాడమనండి. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు దాటగానే చీకటి పడే ఊళ్లలో ఒంటరిగా కూర్చుంటే ఎవరికైనా మనసు కుంగుతుంది.

ఆదివారం ఫోన్ చేయండి. ఆ రోజు దుకాణాలు మూసి ఉంటాయి, గదిలోనే ఉంటాడు. చలికాలంలో మనకు మధ్యాహ్నం రెండైతే వాళ్లకు ఉదయం తొమ్మిదిన్నర. వాళ్ల నాన్నను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. పొలం మాట మాత్రం ఆ రోజు ఇద్దరూ ఎత్తకండి.