ముక్కుదూలం వంకరన్నారు, ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. రాజమండ్రిలో బట్టల షాపులో పనిచేస్తాను. రెండేళ్లుగా ముక్కు మూసుకుపోతోంది. పగలు ఓ మాదిరిగా ఉన్నా, రాత్రి పడుకోగానే ఒక రంధ్రం పూర్తిగా బిగుసుకుపోతుంది. అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేసుకుంటేనే నిద్ర పడుతోంది. నాలుగు నెలలుగా రోజూ వేస్తున్నాను. చీదితే అప్పుడప్పుడు రక్తపు చార కనిపిస్తోంది. సీటీ స్కాన్ తీసి, ముక్కుదూలం ఎడమకు వంగి ఉందనీ, టర్బినేట్లు ఉబ్బాయనీ, ఆపరేషన్ చేయించుకుంటే మంచిదనీ చెప్పారు. అద్దంలో చూసుకుంటే నా ముక్కు తిన్నగానే ఉంది. ముక్కు ఆపరేషనంటే మెదడుకు దగ్గరని మా అమ్మ ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?
(పేరు రాయవద్దన్నారు)

జవాబు: స్కాన్ రిపోర్టు కన్నా మీరు రాసిన ఒక్క మాట నాకు ఎక్కువ పనికొచ్చింది: ‘అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు’. వంగిన గోడ మీరు పక్క మారినప్పుడల్లా తానూ పక్క మారదు కదా. మారుతున్నది ఇంకొకటి. దాని దగ్గరికి వస్తాను. ముందు అద్దం సంగతి.

చిక్కంతా మనం వాడే పేరులోనే ఉంది. దూలం అనగానే బయటికి కనిపించే ముక్కు గట్టు గుర్తొస్తుంది. స్కాన్‌లో వంకర అన్నది దాన్ని కాదు. లోపల రెండు రంధ్రాలనూ విడదీసే నడిమి గోడను. సెప్టమ్ అంటాం. డాక్టర్లం కూడా అలవాటుకొద్దీ ‘దూలం’ అనేస్తాం, పేషెంట్లు వెళ్లి అద్దం ముందు నిలబడతారు! బయట ముక్కు బాణంలా ఉండి లోపలి గోడ వంగి ఉండడం మామూలే.

ముక్కు కొసను వేలితో అటూ ఇటూ కదిపి చూడండి. కదులుతుందంటే ముందుభాగంలో ఎముక లేదన్నమాట. అక్కడ నడిమి గోడ కూడా కార్టిలేజే, అంటే చెవి డొప్పలో ఉండేలాంటి వంగే మెత్తని ఎముక. వెనకభాగం మాత్రం ఎముక. పైనుంచి పలుచని రేకులాంటి ఎముక దిగుతుంది, కిందనుంచి నాగటి కర్రులాంటిది లేస్తుంది. ఈ కిందిదాని పేరు వోమర్. లాటిన్‌లో ఆ మాటకు అర్థం కూడా నాగటి కర్రే. ఇవన్నీ వేర్వేరుగా పెరిగి అతుక్కుంటాయి. పెరుగుదలలో కాస్త తేడా వచ్చినా, చిన్నప్పుడు ముక్కుకు దెబ్బ తగిలినా ఆ అతుకుల దగ్గర వంపు వస్తుంది, ఒక్కోసారి ముల్లులా పొడుచుకొస్తుంది. మేస్త్రి గుండు పట్టి కట్టినట్టు తిన్నగా ఉండే గోడ అరుదు. నా ముక్కుకు స్కాన్ తీసినా ఏదో ఒక వంపు రాసే ఉంటుందని నా అనుమానం. అందుకే రిపోర్టులో ‘వంకర’ అని ఉన్నంత మాత్రాన ఆపరేషన్ అవసరమని కాదు.

ఇక రోజంతా మారేవాటి సంగతి. ముక్కు లోపల పక్క గోడల మీద ఒక్కో వైపు మూడేసి మడతలు ఉంటాయి, ఒకదాని కింద ఒకటి, అరల్లాగా. ఇవే మీ రిపోర్టులోని టర్బినేట్లు. పీల్చిన గాలిని వెచ్చబెట్టి, తేమ చేసి ఊపిరితిత్తులకు పంపడం వీటి పని. అన్నిటికన్నా పెద్దది కిందిది. దాని నిండా స్పాంజిలాంటి రక్తనాళాలు ఉంటాయి. రక్తం నిండితే ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న ముక్కులోనూ కొన్ని గంటలకోసారి ఒక వైపు ఉబ్బి, రెండో వైపు ముడుచుకుంటూ వంతులు మారుతుంటాయి. దీన్ని 1895లో రిచర్డ్ కైజర్ అనే జర్మన్ వైద్యుడు వివరించాడు. ఏ రంధ్రంలో శ్వాస ఆడుతోందో చూసుకోవడం మన యోగులకు అంతకు చాలా ముందే అలవాటు. సూర్యనాడి, చంద్రనాడి అన్నది ఆ లెక్కలోనే.

పడుకుంటే ముక్కులో రక్తం ఇంకా నిండుతుంది. ఒక పక్కకు తిరిగితే కిందికొచ్చిన రంధ్రం ఎక్కువ మూసుకుంటుంది. మీ రాత్రి బాధ చాలామటుకు ఇదే. గోడ వంపు వల్ల ఎడమవైపు దారి ముందే ఇరుకు కాబట్టి, అక్కడ కొంచెం ఉబ్బినా పూర్తిగా మూసుకున్నట్టు అనిపిస్తుంది. బట్టల షాపులో నూలు దుమ్ము, దానికి తోడు ఏసీ. అలర్జీ కూడా ఉందేమో చూడాలి. పొద్దున్నే వరసగా తుమ్ములు, ముక్కులో దురద ఉంటే డాక్టరుకు చెప్పండి.

నాకు ఎక్కువ టెన్షన్ పెడుతున్నది ఆ చుక్కలు. సీసా మీద జైలోమెటాజోలిన్ అనో, ఆక్సీమెటాజోలిన్ అనో ఉంటుంది, చూడండి. ఇవి టర్బినేట్ల రక్తనాళాలను బిగించి నిమిషాల్లో దారి తెరుస్తాయి. జలుబుకు మూడు నుంచి ఐదు రోజులు వాడితే ఫరవాలేదు. వారాల తరబడి వాడితే మందు ప్రభావం దిగగానే అవి మునుపటికన్నా ఎక్కువ ఉబ్బుతాయి. మళ్లీ చుక్కలు, మళ్లీ ఉబ్బు. మీరు నాలుగు నెలలుగా ఇందులో తిరుగుతున్నారు. బీపీ ఉన్నవాళ్లకు ఈ మందు ఇంకో చిక్కు కూడా తెస్తుంది.

చుక్కలు మానాలి. ఒక్కసారిగా కష్టమైతే ముందు ఒక రంధ్రంలో ఆపి, అది తేరుకున్నాక రెండోదాంట్లో ఆపండి. ఆ రోజుల్లో ముక్కు విసిగిస్తుంది, తలగడ కాస్త ఎత్తు పెట్టుకోండి. మీ ఈఎన్‌టీ డాక్టరు రాసిస్తే ఉబ్బు తగ్గించే ఫ్లూటికాసోన్ లేదా మోమెటాసోన్ స్ప్రే వాడొచ్చు. ఇది చుక్కల్లా వెంటనే పనిచేయదు, ఒకటి రెండు వారాలు పడుతుంది. రెండ్రోజులకే ‘పనిచేయలేదు’ అని పక్కన పడేసేవాళ్లే ఎక్కువ. ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం మంచిదే కానీ, కుళాయి నీళ్లు నేరుగా వద్దు. మరిగించి చల్లార్చినవే వాడండి. అరుదే అయినా, మెదడుకు పాకే అమీబా ప్రమాదం పచ్చి నీళ్లలో ఉంటుంది.

స్ప్రే కొట్టుకోవడానికో పద్ధతి ఉంది. కుడి చేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమ చేత్తో కుడి రంధ్రంలో కొట్టాలి. సీసా మూతి ఆ పక్క చెవి వైపు చూడాలి, నడిమి గోడ వైపు కాదు. ఎందుకంటే ఆ గోడ ముందుభాగంలో, వేలికి అందేచోట, నాలుగైదు రక్తనాళాలు కలుసుకునే చిన్న ప్రాంతం ఉంది. లిటిల్స్ ఏరియా అంటాం. ‘వేడి చేసి ముక్కులోంచి రక్తం వచ్చింది’ అంటారే, చాలాసార్లు ఆ రక్తం ఇక్కడిదే. వంపు ఉన్నచోట గాలి తాకిడికి పైపొర ఎండి పగులుతుంది. మీ రక్తపు చార కూడా దానివల్లే కావచ్చు, అయినా లోపల చూపించుకోండి. ఎక్కువగా కారితే తల వెనక్కి వాల్చకండి. ముందుకు వంగి, ముక్కు మెత్తని భాగాన్ని పది పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి. ఎప్పుడూ ఒకే వైపు నుంచి రక్తమో, దుర్వాసనతో స్రావమో వస్తుంటే మాత్రం ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఆపరేషన్‌కు తొందరపడక్కర్లేదు. ఎండోస్కోపీ (సన్నని గొట్టంతో ముక్కు లోపల చూసే పరీక్ష) చేసేటప్పుడు, ముక్కులో ఉబ్బు దించే మందు కొట్టి పది నిమిషాలాగి మళ్లీ చూడమనండి. అప్పుడు దారి బాగా తెరుచుకుంటే దోషం ఎక్కువగా ఉబ్బుది. తెరుచుకోకపోతే గోడది.

అమ్మగారి భయం ఉత్తదేమీ కాదు. ముక్కు పైకప్పు జల్లెడలాంటి పలుచని ఎముక. వాసన నరాలు దాని రంధ్రాల గుండానే దిగుతాయి, దానిపైన మెదడే. కానీ గోడ సరిచేసే పని చాలావరకు ఆ కప్పుకు కిందనే జరుగుతుంది. రంధ్రం లోపలినుంచే కోసి, పొర ఎత్తి, వంగినంత మేర తీసేస్తారు లేదా తిన్నగా చేస్తారు. ముక్కుకు ఆసరాగా పైన, ముందు కార్టిలేజ్‌ను సుమారు ఒక సెంటీమీటరు వెడల్పున వదిలేస్తారు కాబట్టి ఆకారం మారడం అరుదు. బయట కుట్లు కనిపించవు.

చుక్కలు పూర్తిగా మాని, స్ప్రే నాలుగు నుంచి ఆరు వారాలు సరిగ్గా వాడాక కూడా ఎడమ రంధ్రం ఒక్కటే పగలూ రాత్రీ మూసుకుపోతుంటే, అప్పుడు ఆపరేషన్ గురించి మాట్లాడొచ్చు. ఆ రోజు అమ్మగారిని వెంట తీసుకెళ్లండి. స్కాన్ ఫిల్మ్ లైటుకు పెట్టి, ఆ కప్పెక్కడుందో, ఈ గోడ వంపు ఎక్కడుందో ఆవిడకు చూపించమని డాక్టరును అడగండి.