బడికి వెళ్ళబోతున్న అమ్మాయికి

అమ్మాయికి,
ఆశీస్సులు.

నీ కథా, దానితోపాటు పంపిన ఉపన్యాసం కాగితాలూ అందాయి. తాతగారి చెప్పుల చప్పుడు వినగానే పిల్ల పుస్తకాన్ని ఒళ్ళో దాచుకునే చోటు బాగుంది. మిగతా కథ గురించి తర్వాత రాస్తాను. ముందు ఆ ఉపన్యాసం సంగతి తేలాలి. అది చదివాక రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

నవంబరు 14న మీ ఊరి బడికి వెళ్తున్నావు. ‘మీలో దాగివున్న సృజనాత్మకతను వెలికితీయడానికే వచ్చాను’ అని మొదలుపెట్టావు. నువ్వు రచయిత్రివి ఎలా అయ్యావో, ఏ పోటీలో ఏ బహుమతి వచ్చిందో నాలుగు పేజీలు రాసుకున్నావు. ఆఖర్లో రెండు నిమిషాల్లో కథ సారాంశం చెప్పి, ‘ఇందులో నీతి ఏమిటి?’ అని అడిగి, ముందు చెయ్యెత్తిన ముగ్గురికి పెన్నులు ఇస్తానన్నావు. అమ్మా, ఆ కాగితాలు పక్కన పెట్టెయ్. ఆ రోజు నువ్వు చెయ్యాల్సిన పని ఒక్కటే. నీ కథని మొదటి మాట నుంచి చివరి మాట దాకా పైకి చదివి వినిపించు.

ఎందుకంటున్నానో విను. దేశం మొత్తం మీద పల్లెటూళ్ళలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు సగానికి కొంచెం తక్కువేనని, పల్లె పిల్లల చదువు మీద సర్వే చేసే అసర్ వాళ్ళ 2024 నివేదిక చెప్పింది. ఆ లెక్కనే నువ్వు వెళ్ళే తరగతికి పెట్టుకుంటే, నీ పుస్తకం చేతికిచ్చినా సగంమంది చదవలేరు. అలాంటి పిల్లల ముందు నిలబడి ‘పుస్తకాలు బాగా చదవండి, మీరూ రచయితలు కండి’ అంటే ఆ మాట ఎవరికి తగులుతుంది? ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే నలుగురికి. మిగతావాళ్ళు ఇది కూడా మనది కాదనుకుంటారు. వినడం దగ్గరికొస్తే మాత్రం ఎవరూ ఎవరికీ తీసిపోరు. తడుముకుంటూ చదివే పిల్ల కూడా కథ వింటున్నంతసేపూ ఫస్టు ర్యాంకు పిల్లతో సమానంగా కూర్చుంటుంది.

నేను ఉద్యోగం చేసింది ప్రకాశం జిల్లా పడమటి వైపు, ఒక శాఖా గ్రంథాలయంలో. పక్కనున్న బడికి వెళ్ళి కథలు చదివేవాణ్ణి. ఒకసారి తప్పిపోయిన గేదె కథ చదివాను. అయిపోగానే వెనక కూర్చున్న పిల్లవాడు లేచి ‘సార్, దాని దూడేమయింది?’ అన్నాడు. వాడికి గుణింతాలు కూడా రావని టీచరమ్మ ముందే చెప్పింది. ‘నువ్వే చెప్పరా’ అన్నాను. వాళ్ళింట్లో దూడ చచ్చిపోయిందట. గేదె పాలు చేపడంలేదని వాళ్ళ నాయన దూడ తోలులో గడ్డి కూరి తెచ్చి దాని ముందర నిలబెట్టాడట. గేదె ఆ తోలుని నాకుతుంటే వీడు చూడలేక కొట్టం వెనక్కి పోయాడట. తరగతి గదిలో ఎవరూ కదల్లేదు. టీచరమ్మ చాక్‌పీసు తీసుకుని వాడు చెప్పింది చెప్పినట్టు, వాడి మాటల్లోనే బోర్డు మీద రాసింది. వాడు దాన్ని పలక మీద దించుకున్నాడు. తను చెప్పిన మాటలే కాబట్టి అక్షరాలు రాకపోయినా ఎక్కడ ఏముందో వేలు పెట్టి చూపించాడు. పిల్లలు రాయడం అలా మొదలవుతుందమ్మా.

తర్వాత బడివాళ్ళు గోడపత్రిక వేశారు. పెద్దాయన ఒకరు ఆ కథలోంచి తోలు, గడ్డి తీసేయించి, ‘మూగజీవాలను ప్రేమించాలి’ అని చేర్చారు. నాకు ఆ కోపం ఇంకా పోలేదు. ఇప్పుడు పిల్లలు రాసిన కథలంటూ సంకలనాలు వస్తున్నాయి. మంచి పనే. కానీ కొన్నిట్లో పదిమంది పిల్లలూ ఒకే గొంతుతో, ఒకే పుస్తకాల భాషలో మాట్లాడుతుంటారు. అవి ఎవరి వాక్యాలో చదివేవాళ్ళకు తెలిసిపోతుంది.

నీతి విషయంలో నేను పడ్డ బాధ వేరే ఉంది. ఒక వారపత్రికలో పిల్లల పేజీ చూసే ఆయన నా ప్రతి కథ కిందా ‘నీతి’ అని వేసి ఒక వాక్యం తనే కలిపేవాడు. ఒక కథకైతే చివరి పేరా ఎగిరిపోయి, ఆ జాగాలో కొబ్బరినూనె ప్రకటన వచ్చింది. ఇదేమిటని ఉత్తరం రాస్తే జవాబు రాలేదు. ఆ తర్వాత పంపిన కథలన్నీ నేను స్టాంపు అంటించి పెట్టిన కవర్లలోనే వెనక్కి వచ్చాయి. కొన్నేళ్ళు నావి ఎక్కడా అచ్చు కాలేదు. ఆ ఏళ్ళలో నా కథలు విన్నది బడి పిల్లలే. ఎక్కడ కథ సాగుతోందో, ఎక్కడ అబద్ధం ఆడుతోందో వాళ్ళ మొహాలు చూసే నేర్చుకున్నాను. అందుకే చెప్తున్నాను, ‘నీతి ఏమిటి’ అని అడగొద్దు. అడిగావా, విన్నదంతా వాళ్ళకి పరీక్ష అయిపోతుంది.

రేడియోలో పిల్లల కార్యక్రమం నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్య అయింది ఉపన్యాసాలిచ్చి కాదు. మైకు పిల్లల చేతికిచ్చారు. 1945లో ‘బాల’ పత్రిక పెట్టి పిల్లలు రాసినవి అచ్చువేశారు. ముళ్ళపూడి వెంకటరమణ మొదటి కథ అందులోనే వచ్చింది, అప్పటికి ఆయన ఇంకా పిల్లవాడే.

ఇంకో సంగతి. చాలా బళ్ళలో పుస్తకాలు లేక కాదు, బీరువాకు తాళం ఉండబట్టే పిల్లలకు అందవు. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా లైబ్రరీ గ్రాంటు ఉంది. పుస్తకాలు వస్తాయి, స్టాకు రిజిస్టరులో ఎక్కుతాయి. పోతే ఎవరు కట్టాలి అన్న భయంతో టీచర్లు తాళం వేస్తారు. వాళ్ళ టెన్షన్ వాళ్ళది, తప్పుపట్టను. కథ అయ్యాక పిల్లల ముందే హెడ్మాస్టరుగారిని నెమ్మదిగా అడుగు, ‘సార్, ఆ బీరువా ఒకసారి తెరిపిస్తారా’ అని. బయటికి వచ్చిన పుస్తకాల్లోంచి ఇంకో కథ చదువు. నీ పుస్తకాలు అమ్మకానికి పెట్టొద్దు. వేరేవాళ్ళవి కూడా పట్టుకెళ్ళు. నేషనల్ బుక్ ట్రస్ట్, సికింద్రాబాద్ మంచి పుస్తకం వాళ్ళవి చవగ్గా దొరుకుతాయి. స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు డబ్బులు పెట్టకుండానే దొరుకుతాయి. పట్టుకెళ్ళిన పుస్తకాలు ఆ తరగతిలోనే వదిలేసి రా.

చదివేటప్పుడు కుర్చీ వద్దు, వాళ్ళ మధ్య కూర్చో. బొమ్మ అందరికీ కనపడాలి. మధ్యలో ఆగి అర్థాలు చెప్పకు, కథే చెప్తుంది. ఎవరైనా మధ్యలో మాట్లాడితే ఆపకు, పుస్తకం మూసి విను. దూడ కథ వచ్చింది అలా మాట్లాడనిస్తేనే.

బొమ్మలు ఎవరిచేత వేయించాలి, ఏ ప్రచురణకర్తకు పంపాలి, పురస్కారాలకు ఎలా పెట్టుకోవాలి అని అడిగావు. అవన్నీ ఇప్పుడు వద్దు. ముందు హెడ్మాస్టరుగారికి ఫోన్ చేసి 14 కాకుండా ఇంకో రోజు అడుగు. బాలల దినోత్సవం నాడు డ్యాన్సులు, అతిథులు, శాలువాలు ఉంటాయి, నీ కథ ఎవరికీ వినపడదు. బడి మొత్తాన్ని గ్రౌండులో కూర్చోబెట్టొద్దనీ, ఐదో తరగతి ఒక్కటి చాలనీ చెప్పు. మైకు వద్దని మరీమరీ చెప్పు, లేకపోతే తెప్పించేస్తారు. అదే తరగతికి మళ్ళీ ఎప్పుడు వస్తావో ఆ ఫోన్‌లోనే ఖాయం చేసుకో.

ఆశీస్సులతో.